మూతపడిన బడి భవనాన్ని నగరం ఏం చేయాలి? తిరుపతి, చిత్తూరు వార్డుల కోసం సమగ్ర మార్గదర్శి

బడి మూతపడ్డాక ముందుగా పోయేవి కుళాయిలు. తరువాత స్విచ్ బోర్డులు, వైర్లు, ఫ్యాన్లు. రెండో ఏడాదికి కిటికీ చువ్వలు, టేకు తలుపులు. ఈలోగా మిద్దె మీది నీళ్ళు దిగే గొట్టంలో ఆకులు పేరుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల వాన మిద్దె మీదే నిలిచి కప్పులోకి ఇంకుతుంది. మూడో ఏడాది పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలుస్తుంది. ఐదో ఏడాది ఇంజినీరు వచ్చి ‘శిథిలం’ అని రాసి వెళ్తాడు. మొదటి సెప్టెంబరులో ఒక మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ గొట్టం శుభ్రం చేసి ఉంటే ఆ మాట రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

పట్టణ ఇంజినీరింగ్ పనుల్లో ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఇలాంటి ‘శిథిలం’ కాగితాల మీద నేనూ సంతకాలు పెట్టాను. వాటిలో కొన్ని భవనాలను కాపాడుకోగలిగేవాళ్ళం అన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఈ మార్గదర్శి. వార్డు పెద్దలు, సచివాలయ ఉద్యోగులు, పూర్వ విద్యార్థులు, మూతపడిన బడికి ఎదురింట్లో ఉండేవారు ఎవరైనా దీన్ని పట్టుకుని పని మొదలుపెట్టవచ్చు.

బడులు ఎందుకు ఖాళీ అవుతున్నాయో మనందరికీ తెలుసు. పుట్టే పిల్లలు తగ్గారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక మహిళకు 1.7 మంది పిల్లలు. ఉన్న పిల్లల్లో చాలామందిని తెల్లవారగానే ప్రైవేటు బడి బస్సు ఎక్కించుకుపోతోంది. వీటికి తోడు ప్రభుత్వ ఉత్తర్వులు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117తో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు తరలించారు. ప్రాథమిక బడుల్లో గదులు ఖాళీ అయ్యాయి. మూడేళ్ళు తిరగకుండానే, 2025లో ఆ జీవోను పక్కన పెట్టి కొత్త ఉత్తర్వులు తెచ్చారు. తరగతికి ఒక టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ బడులు వచ్చాయి. వెళ్ళిన తరగతులు తిరిగి వచ్చే వీలు ఏర్పడింది.

ఆ మూడేళ్ళలో ఖాళీ గదులను గోదాములకు ఇచ్చేసిన చోట పరిస్థితి ఏమిటి? పిల్లలు తిరిగి వస్తామన్నా కూర్చోవడానికి చోటు లేదు. ఈ మార్గదర్శిలోని ప్రతి పనికీ నేను పెట్టుకున్న కొలబద్ద అదే. ఏం చేసినా ఆ భవనం, లేదా కనీసం ఆ స్థలం, రేపు అవసరమైతే మళ్ళీ బడి కాగలగాలి. ఇక వెనక్కి తీసుకోలేని పని ఏదైనా ఉంటే దాన్ని చిట్టచివరికి నెట్టాలి.

మొదటి పని: మూసిన వారంలోనే చేయవలసినవి

అన్నిటికంటే ముందు అడ్మిషన్ రిజిస్టరును కాపాడండి. హాజరు పట్టీలకు కాలపరిమితి ఉంటుంది కానీ, అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు. యాభై ఏళ్ళ కిందట చదివిన మనిషికి కూడా పుట్టిన తేదీ రుజువుకు, స్థానికత నిరూపణకు, స్టడీ సర్టిఫికెట్‌కు ఆ పుస్తకమే ఆధారం. ఒకసారి తనిఖీకి వెళ్ళినప్పుడు మూసిన బడి గేటు దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని కనిపించింది. తన వయసు కాగితం కోసం మూడు రోజులుగా వస్తోందట. రికార్డులు ఎక్కడికి పోయాయో వీధిలో ఒక్కరికీ తెలియదు. లోపల మూలన బీరువా తెరిచి చూస్తే చెదలు సగం పుస్తకాలను తినేశాయి. ఆమె పేరున్న పేజీ దొరకలేదు.

కాబట్టి రిజిస్టర్లన్నిటినీ జాబితా రాసి, విలీనమైన బడి ప్రధానోపాధ్యాయునికి సంతకం తీసుకుని అప్పగించాలి. వీలైతే ప్రతి పేజీ ఫోటో తీయించాలి. గేటు మీద పెద్ద అక్షరాలతో ‘ఈ బడి రికార్డులు ఫలానా పాఠశాలలో ఉన్నాయి’ అని రాయించాలి. ఆ బోర్డుకు పెద్ద ఖర్చేమీ కాదు.

తరువాత బల్లలు, గోడ టీవీలు, నీటి శుద్ధి యంత్రం, వంట పాత్రలు. స్టాక్ రిజిస్టరు ప్రకారం లెక్క చూసి అవసరమున్న బడులకు రశీదు మీద పంపండి. లోపల వదిలేసి తాళం వేస్తే అవి దొంగలను పిలుస్తాయి.

బోరుబావిని ఇనుప మూతతో బిగించాలి. వదిలేసిన బోర్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. సంపు, సెప్టిక్ ట్యాంకు మూతలు కూడా చూడండి. ఖాళీ బడిలోకి బంతి కోసం దూకే పిల్లలే ముందుగా ప్రమాదంలో పడతారు. కరెంటు మీటరును పూర్తిగా తీసేయించకండి. బకాయి కట్టి, ఒక దీపానికి, ఒక కుళాయి మోటారుకు మాత్రం కనెక్షన్ ఉంచండి. మళ్ళీ తీసుకోవడం కంటే ఉన్నది నిలుపుకోవడం తేలిక. ఇక మన బడుల్లో చాలావరకు పోలింగ్ కేంద్రాలు. మూసిన సంగతిని ఓటర్ల నమోదు అధికారికి రాతపూర్వకంగా తెలియజేయకపోతే ఎన్నికల ముందు వారంలో హడావుడిగా తాళం పగలగొట్టవలసి వస్తుంది.

రెండో పని: స్థలం ఎవరిదో తేల్చడం

అందరూ దాటవేసే పని ఇది. అన్నిటినీ చివరకు ఆపేసేది కూడా ఇదే. ‘గవర్నమెంటు బడి కదా, గవర్నమెంటు స్థలమే’ అనుకుంటే పొరపాటు.

తిరుపతిలో ఒకే రోడ్డు మీద నాలుగు రకాల బడులు ఉండవచ్చు. మునిసిపాలిటీ కట్టినది ఒకటి, తిరుమల తిరుపతి దేవస్థానం నడిపేది ఒకటి, మిషన్ వారిదో ఎయిడెడ్ యాజమాన్యానిదో ఒకటి, శివార్ల పంచాయతీలు నగరంలో కలిసినప్పుడు వచ్చిన మండల పరిషత్ బడి ఒకటి. చిత్తూరు 2012లో కార్పొరేషన్ అయినప్పుడు చుట్టుపక్కల పల్లెలు కలిశాయి కాబట్టి అక్కడా ఇదే చిక్కు. మునిసిపల్ పాఠశాలల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు వెళ్ళింది. ఆస్తులు మాత్రం పురపాలక సంస్థలవే. అంటే టీచర్ల సంగతి ఒక శాఖది, గోడల సంగతి ఇంకో శాఖది. ఖాళీ అయిన రోజున రెండు శాఖలూ ‘అది వారిది’ అనుకునే ప్రమాదం ఇక్కడే పుట్టింది. కమిషనరు నుంచి, జిల్లా విద్యాశాఖాధికారి నుంచి ‘ఈ భవనం ఫలానా తేదీ నుంచి ఫలానా వారి ఆధీనంలో ఉంది’ అని ఒక్క ఉత్తరం రాయించుకోండి. ఆ ఉత్తరం లేకుండా ముందుకు పోవద్దు.

తరువాత కాగితాలు. పట్టణ సర్వే రిజిస్టరు, సర్వే నంబరు కొలతల పుస్తకం, పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు తీయించండి. మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలపు రిజిస్టర్లలో భూమి స్వభావం స్పష్టంగా రాసి ఉంటుంది: పోరంబోకు, ఇనాం, మఠం, పట్టా. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, తీయించండి. పాత కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు వెదకండి.

వీటన్నిటిలో ముఖ్యమైనది దానపత్రం. మన దగ్గర పాత బడుల్లో చాలావాటికి స్థలం దాతలు ఇచ్చారు. చాలా దానపత్రాల్లో ‘పిల్లల విద్య కోసమే వాడవలెను’ అన్న షరతు ఉంటుంది. ఆ ఒక్క వాక్యం మీద వారసులు కోర్టుకు వెళ్ళగలరు. వెళ్ళినా నేను తప్పుపట్టను. ముత్తాత బడికి ఇచ్చిన స్థలంలో దుకాణాలు లేస్తుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. అందుకే వారసులను ముందే వెదికి, ఇంటికి వెళ్ళి, ఏం చేయదలచుకున్నదీ చెప్పండి. గ్రంథాలయమో పిల్లల కేంద్రమో అంటే సంతోషంగా ఒప్పుకుంటారు. దాత పేరున్న రాతిపలకను కదిలించబోమని మాట ఇవ్వండి.

చివరగా హద్దులు. సర్వేయరుతో కొలిపించి రాళ్ళు పాతించండి. పక్కింటి మెట్లు, ఎవరో కట్టిన పశువుల పాక, కాలువ మలుపు, అన్నీ పటంలో గుర్తించండి. ప్రభుత్వ స్థలమైతే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని స్థలాల జాబితాలో) ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్పించండి. ఇందుకు రెండు నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

మూడో పని: భవనానికి సరైన వైద్యపరీక్ష

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అది వాడుకలో ఉన్న బడి. ఖాళీ భవనాన్ని మళ్ళీ జనానికి అప్పగించేటప్పుడు ఇంకెంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనవసరం లేదు. పైపైన చూసి ‘బాగానే ఉంది’ అనడం ఎంత ప్రమాదమో, పైపైన చూసి ‘శిథిలం’ అని రాయడం అంత నష్టం.

మన బడి భవనాలు ఒకే తీరువి కావు. పాత వాటిలో గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చిన మద్రాసు మిద్దె ఉంటాయి. కొన్నిటికి రాతి బండల కప్పు, కొన్నిటికి మంగుళూరు పెంకులు. సర్వశిక్షా అభియాన్ కాలంలో కట్టిన అదనపు గదులు సిమెంటు శ్లాబువి. ఒక్కో తీరుకు ఒక్కో జబ్బు.

సున్నపు గోడకు అసలు శత్రువు మరమ్మతు పేరుతో పూసే సిమెంటు. సున్నం గోడ తేమను పీల్చుకుని వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తేమ లోపలే ఉండిపోయి, గోడ లోపలి నుంచి పొడిపొడిగా రాలుతుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయించండి. మద్రాసు మిద్దెలో దూలాల చివర్లు, అంటే గోడలోకి చొచ్చుకున్న భాగం చూడాలి. చెదలు, కుళ్ళు మొదలయ్యేది అక్కడే. మధ్యలో దూలం దిట్టంగా కనిపించినంత మాత్రాన మోసపోవద్దు. రాతి బండల కప్పుకు బండ మధ్యలో వెంట్రుకవాసి పగులు ఉన్నా ప్రమాదమే, ఎందుకంటే రాయి ముందుగా వంగి హెచ్చరించదు.

సిమెంటు శ్లాబు సంగతి వేరు. కప్పు నుంచి పెళ్ళలు ఊడి ఇనుప కమ్మీలు కనిపిస్తున్నాయంటే తుప్పు ఎప్పుడో మొదలైందని అర్థం. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. ఇక్కడ మూడు పరీక్షలు అడగండి. రీబౌండ్ హ్యామర్ కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని చెబుతుంది. అల్ట్రాసోనిక్ పరీక్ష లోపలి డొల్లలను పట్టిస్తుంది. ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది. రంగు రాలేదంటే కమ్మీని తుప్పు నుంచి కాపాడే క్షారగుణం అక్కడ పోయిందని తెలుస్తుంది. తిరుపతిలో 1959 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. ఇంత దగ్గరలో ఇంత విద్య ఉన్న నగరం కేవలం కంటిచూపు మీద నిర్ణయం తీసుకోవడం తగదు.

నివేదిక గది గదికీ విడివిడిగా ఉండాలి. ఏ గది ఇప్పుడే వాడవచ్చు, ఏది మరమ్మతుతో నిలుస్తుంది, ఎంత ఖర్చు, ఏది మూసేయాలి. ఒక గది కప్పు జారిందని ఆరు గదుల బడి మొత్తాన్ని కొట్టేయడం నేను చూశాను. కప్పు జారిన గదికి ఊతాలు పెట్టి, తలుపు ఇటుకలతో మూసి, మిగతా ఐదు గదులను బతికించుకోవచ్చు.

బరువు లెక్క కూడా ముందే అడగండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తరగతి గది నేలను చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల భారానికి, అంటే దాదాపు 300 కిలోలకు రూపకల్పన చేస్తారు. పుస్తకాల బీరువాలు వరుసలుగా నింపే గదికి దానికి రెట్టింపు, 6 కిలోన్యూటన్లు కావాలి. పై అంతస్తు తరగతి గదిలో గ్రంథాలయం పెట్టాలన్న మంచి ఆలోచన ఇక్కడే ప్రమాదంగా మారుతుంది. పుస్తకాలు కింద, చదువుకునే బల్లలు పైన ఉంచితే సరిపోతుంది.

నాలుగో పని: మైదానాన్ని వెంటనే తెరవడం

పై రెండు పనులకు నెలలు పడుతుంది. అంతవరకు గేటుకు తాళం వేసి కూర్చోకండి. భవనం చుట్టూ ఇరవై అడుగుల దూరంలో కంచె వేసి, మిగతా మైదానాన్ని నెలలోపే వీధికి తెరవండి. ఉదయం 5 నుంచి 8, సాయంత్రం 4 నుంచి 7. సర్కారు తుమ్మ కొట్టించి, ఒక దీపం, ఒక కుళాయి, రెండు అరుగులు. ఇంతే చాలు.

కొర్లగుంట, ఎర్రమిట్ట, జీవకోన వంటి ఇరుకు వీధుల్లో పిల్లలకు బడి మైదానం తప్ప ఆట స్థలం ఎక్కడుంది? బండ్ల మధ్య క్రికెట్ ఆడుకుంటున్నారు. బడి పోవడమే ఒక నష్టం, దానితో మైదానమూ పోతే అది రెండో దెబ్బ. పైగా మనుషులు తిరిగే చోట తలుపులు మాయం కావు. నేను చూసినంతలో జీతం ఇచ్చి పెట్టిన కాపలా కంటే సాయంత్రం షటిల్ ఆడే ఆడపిల్లలు, గట్టు మీద కూర్చునే తాతలు భవనాన్ని బాగా కాపాడారు.

ఐదో పని: వీధిని అడగడం

ఉదయం పదకొండు గంటలకు కార్యాలయంలో సమావేశం పెడితే కూలికి వెళ్ళినవారు రారు, పండ్ల బండి నడిపేవారు రారు. సాయంత్రం ఆ బడి మైదానంలోనే కూర్చోండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల మహిళలతో ఒకరోజు, పిల్లలతో ఒకరోజు, ముసలివారితో ఒకరోజు విడిగా మాట్లాడండి. అందరినీ ఒకే సభలో కూర్చోబెడితే మైకు పట్టుకునే నలుగురి మాటే వినిపిస్తుంది. ‘ఇక్కడ ఏం కావాలి’ అని మాత్రమే అడిగితే ప్రతివారూ కమ్యూనిటీ హాలు అంటారు. ‘మీ ఇంట్లో రోజూ దేనికి చోటు చాలడం లేదు’ అని అడగండి. అప్పుడు అసలు మాటలు వస్తాయి: పిల్లవాడు చదువుకోవడానికి మూల లేదు, పనికి వెళ్తే పసిబిడ్డను చూసేవారు లేరు, మధ్యాహ్నం అత్తగారు ఒంటరిగా ఉంటోంది.

నగరం తన ఖాళీ బడులన్నిటి జాబితాను అందరికీ కనిపించేలా పెట్టడం కూడా అవసరం. జపాన్ విద్యాశాఖ 2010 నుంచి ఇదే చేస్తోంది. ఎక్కడ ఏ బడి ఖాళీగా ఉంది, స్థానిక సంస్థ దాన్ని దేనికి ఇవ్వదలచింది అన్న వివరాలు ఒకేచోట ఉంచి, వాడుకునేవారిని ఆహ్వానిస్తోంది. అమెరికాలోని చికాగో 2013లో ఒకేసారి దాదాపు 50 బడులు మూసింది. పదేళ్ళ తరువాత కూడా వాటిలో చాలా భవనాలు ఖాళీగానే మిగిలాయి. మూసే ముందే తరువాత ఏమిటో అనుకోకపోతే ఎంత సంపన్న నగరానికైనా అదే గతి.

ఆరో పని: వాడుకను ఎంచుకోవడం

నా వరుస ఇది. కొందరు ఒప్పుకోకపోవచ్చు, అయినా చెబుతాను.

మొదటి హక్కు పిల్లలది. పక్క వీధిలో కిక్కిరిసిన బడి ఉంటే దానికి ఈ గదులు ఇవ్వండి. అద్దె ఇంటి వరండాలో నడిచే అంగన్‌వాడీ ఉంటే ఇక్కడికి తీసుకురండి. పసిపిల్లలకు గాలి, వెలుతురు, మరుగుదొడ్డి, ఆడుకునే నేల ఒకేసారి దొరుకుతాయి.

రెండోది చదువుకునే గది. తిరుపతి విద్యార్థుల నగరం. ఉద్యోగ పరీక్షలకు చదివే యువత అద్దె గదుల్లో నలుగురైదుగురు చొప్పున ఉంటున్నారు. రాత్రి 10 దాకా తెరిచి ఉండే నిశ్శబ్దమైన గది వారికి పెద్ద వరం. దీనికి డబ్బు లేదనకండి. మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసినది. వార్డు ప్రజలు పత్రికల గది కోసం ఆ సంస్థను అడగడం న్యాయమైన కోరిక.

మూడోది వరదల కాలపు ఆశ్రయం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు మరిచిపోలేదు కదా. రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చి పల్లెలను ఖాళీ చేయించారు. అటువంటి రాత్రి జనాన్ని తరలించేది బడులకే. ఎత్తైన పునాది ఉన్న ఖాళీ బడిని ఏడాదంతా గ్రంథాలయంగా వాడుతూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఒక గదిలో చాపలు, దుప్పట్లు, జనరేటరు, పెద్ద వంట పాత్రలు సిద్ధంగా ఉంచవచ్చు. బడి మునిగే పల్లంలో ఉంటే మాత్రం ఈ ఆలోచన వద్దు.

నాలుగోది నిరాశ్రయుల వసతి. లక్ష జనాభాకు కనీసం 100 మందికి ఇలాంటి చోటు ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. 2011 లెక్కల ప్రకారమే తిరుపతి జనాభా దాదాపు 2.87 లక్షలు. అంటే 280 మందికి పైగా చోటు కావాలి. ఒక్కొక్కరికి 50 చదరపు అడుగులు అన్నది లెక్క. 24 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న తరగతి గది తొమ్మిది మందికి సరిపోతుంది. రుయా ఆసుపత్రికి నడిచి వెళ్ళే దూరంలో ఖాళీ బడి ఉంటే, వరండాల్లో నిద్రించే రోగుల బంధువులకు రాత్రి వసతిగా మార్చడం కంటే మంచి వాడుక నాకు తోచదు.

ఒకే భవనానికి వేళలను బట్టి రెండు మూడు వాడుకలు పెట్టండి. పగలు అంగన్‌వాడీ, సాయంత్రం చదువుల గది, ఆదివారం వైద్య శిబిరం. అయితే పసిపిల్లల కేంద్రాన్ని, రాత్రి వసతిని ఒకే ఆవరణలో కలపవద్దు.

ఇవ్వకూడనివి కూడా చెప్పాలి. చెత్త బండ్ల షెడ్డు, బ్లీచింగ్ పొడి గోదాము, ఏదో ఒక శాఖ పాత ఫైళ్ళ గది: ఇవి ‘తాత్కాలికం’ అని వచ్చి పాతుకుపోతాయి. దుకాణ సముదాయం ఒక్కసారి కట్టాక ఆ స్థలం బడిగా మారడం ఇక కల్ల. యాత్రికుల రద్దీకి పండుగ రోజుల్లో మైదానం వాడుకోవడం వేరు, శాశ్వత లాడ్జి చేయడం వేరు. రద్దీకి వాడినా ముందు గేట్లు లెక్కించండి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. వందల మంది చేరే ఏ ఆవరణకైనా వచ్చే దారి, పోయే దారి విడిగా, విశాలంగా ఉండి తీరాలి.

ఏడో పని: ఒప్పందం రాసుకోవడం

కౌన్సిల్ ఉన్నప్పుడు కౌన్సిల్ తీర్మానం, లేని కాలంలో ప్రత్యేకాధికారి ఉత్తర్వు ఉండాలి. నోటిమాట మీద తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి, ఎంత మంచివారైనా సరే. గడువు మూడేళ్ళు. వాడుక ఏమిటో, వేళలు ఏమిటో, కరెంటు బిల్లు ఎవరు కడతారో, చిన్న మరమ్మతులు ఎవరివో రాయండి. ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. గదుల మధ్య గోడలు పగలగొట్టకూడదు, ఎందుకంటే పాత బడుల్లో కప్పును మోసేది ఆ గోడలే. నల్లబల్లలు, పిల్లల మరుగుదొడ్లు తీసేయకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన షరతు: విద్యాశాఖ బడి కోసం కోరితే ఆరు నెలల్లో ఖాళీ చేయాలి. ఈ ఒప్పందం నకలు వార్డు సచివాలయం గోడ మీద అందరికీ కనిపించాలి.

ఎనిమిదో పని: డబ్బు

ముందుగా రంగులు వేయించే అలవాటు మానండి. వరుస ఇది: కప్పు, నీళ్ళు పోయే దారి, వైరింగ్, మరుగుదొడ్లు, వాలు దారి, చివరకు రంగు. వాలు దారి అంటే చక్రాల కుర్చీ ఎక్కగలిగేది. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. పునాది అడుగున్నర ఉంటే 18 అడుగులు. మూడడుగుల దిమ్మె పోసి ‘ర్యాంపు కట్టాం’ అంటే అది ఎవరికీ పనికిరాదు.

కార్పొరేషన్ సాధారణ నిధులే పునాది. పార్లమెంటు సభ్యునికి ఏడాదికి 5 కోట్ల స్థానిక అభివృద్ధి నిధి ఉంటుంది, ప్రజోపయోగ భవనాలకు అడగవచ్చు. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద సంస్థలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి, విద్య అందులో ఉంది. పూర్వ విద్యార్థులు తప్పక ముందుకు వస్తారు. వారి విరాళం మాత్రం కార్పొరేషన్ ఖాతాలోనే రశీదుతో పడాలి.

మరమ్మతుకు డబ్బు తేవడం కంటే కష్టమైనది నడిపేందుకు డబ్బు. ఊడ్చే మనిషి, కాపలా, కరెంటు, ఏటా చిన్న పనులు. వీటికి బడ్జెట్‌లో విడిగా పద్దు తెరిపించండి. ప్రారంభోత్సవం నాడు మెరిసిన భవనం మూడేళ్ళకు మళ్ళీ మూతపడడానికి కారణం ఎప్పుడూ ఈ పద్దు లేకపోవడమే.

తొమ్మిదో పని: కూల్చక తప్పకపోతే

పరీక్షల నివేదిక అదే చెబితే ఆలస్యం చేయకండి. అయితే ముందు భవనాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, కొలతల పటం గీయించండి. టేకు దూలాలు, తలుపులు, రాతి బండలు, మంగుళూరు పెంకులు లెక్కపెట్టి జాబితా రాసి, బహిరంగ వేలంలో పెట్టండి. పాత టేకు విలువ గుత్తేదారుకు బాగా తెలుసు, కార్పొరేషన్‌కు తెలియాలి. ఆస్‌బెస్టాస్ రేకులుంటే నీళ్ళతో తడిపి, పగలకుండా దించాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడు చేస్తుంది. పక్కింటి గోడ ఆనుకుని ఉంటే చేత్తోనే విప్పాలి, యంత్రం వద్దు. శిథిలాలు స్వర్ణముఖి ఒడ్డున పోయకుండా తూకివాకం దగ్గరి నిర్మాణ వ్యర్థాల కేంద్రానికి పంపించాలి. వేపచెట్లు, రావిచెట్లు కొట్టనివ్వకండి.

నేల చదును అయిన రోజే ప్రహరీ, బోర్డు పూర్తి కావాలి. దాత శిలాఫలకాన్ని, బడి పేరున్న రాయిని గేటు పక్కన తిరిగి నిలబెట్టాలి. ఆ స్థలం విద్యకు, ఆటలకు మాత్రమే అని తీర్మానం చేసి నిషేధిత జాబితాలో ఉంచాలి. కొత్త భవనం ఎప్పుడు వచ్చినా సరే, అప్పటిదాకా అది పిల్లల మైదానం.

పదో పని: ఏటా సెప్టెంబరులో

వాడుకలో ఉన్న భవనమైనా, నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నదైనా, వానలకు ముందు ఒక పూట కేటాయించండి. వార్డు సౌకర్యాల కార్యదర్శి, ఒక మేస్త్రీ, వీధి నుంచి ఇద్దరు చాలు. మిద్దె ఎక్కి ఆకులు ఊడ్చి, గొట్టాల్లో బిందెడు నీళ్ళు పోసి కింద పడుతున్నాయో లేదో చూడండి. పిట్టగోడ పగుల్లో రావి మొక్క ఉంటే పైపైన తుంచకుండా వేరుతో సహా పెకలించి, పాత గోడైతే సున్నంతో, కొత్త గోడైతే సిమెంటుతో పగులు మూయండి. లోపలి కప్పు మీద కొత్త మరక కనిపిస్తే దాని చుట్టూ సుద్దతో గీసి తేదీ రాయండి. మరుసటి సెప్టెంబరులో ఆ గీత దాటిందో లేదో చూస్తే తెలుస్తుంది.